వారంటీ కోసం కాపురం

ఫైలు కదలాలంటే ముందు ఫైలు పట్టుకున్న మనిషి కదలాలని తాటి ఉత్పత్తుల ప్రోత్సాహక మండలి ప్రధాన కార్యాలయం వారు ఒక వేసవిలో కనిపెట్టారు. ఊరికే కనిపెట్టలేదు, సర్వే చేయించారు. పేరుకుపోయిన ఫైళ్ళకీ ఉద్యోగుల నడుము చుట్టుకొలతకీ దగ్గరి చుట్టరికం ఉందని అందులో తేలింది. దాంతో ఫైళ్ళను వదిలేసి నడుముల మీద పడ్డారు.

ప్రతి ప్రాంతీయ కార్యాలయమూ చవకలో ఒక ట్రెడ్‌మిల్ కొనాలన్నారు. ఉన్నచోటే నడిపించే ఆ యంత్రానికి ఒక తెర ఉండాలి. తెర మీద ఒక టీచరు కనబడి క్లాసు చెబుతుంటే ఉద్యోగి దాని ప్రకారం నడవాలి. “మార్గదర్శనం లేని నడక కేవలం తిరుగుడుగా పరిగణించబడును” అని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది.

కాకినాడ ప్రాంతీయ కార్యాలయానికి ఈ ఉత్తర్వు చేరేసరికి దాన్ని అందుకున్నది సీనియర్ అసిస్టెంటు సత్యవేణి. ఆ ఆఫీసులో ఏ కాగితం వచ్చినా చివరికి ఆవిడ బల్ల మీదే వాలుతుంది. ఆవిడ చదివి, నిట్టూర్చి, “సరే, ఇదొకటి” అనుకుని డైరెక్టరు గారి గదిలోకి పంపింది. అది తన అన్నం గిన్నె మీదికే వస్తుందని అప్పుడు తెలియదు పాపం.

డైరెక్టరు నృసింహమూర్తి గారు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఎక్కడో ఒకచోట ఆగేవాడు. ఆయన నిబంధనల మనిషి. నిబంధన గోతిలోకి దారి తీస్తే గోతిలోకి దిగి, అక్కణ్ణించి తదుపరి ఆదేశాల కోసం ఎదురుచూసే రకం. ఆయన వెంటనే ఎంపిక సంఘాన్ని వేశారు. సూపరింటెండెంటు సుందరరామయ్య గారు అధ్యక్షులు, సత్యవేణి కన్వీనరు. కన్వీనరంటే అధ్యక్షుల వారికి కలిగిన అభిప్రాయాలను ముందుగా రాసిపెట్టే మనిషి.

మెయిన్ రోడ్డులో వ్యాయామ పరికరాల కొట్టుకి ఇద్దరూ వెళ్ళారు. కొట్టాయన ఎదురొచ్చి, “ఎవరు వాడతారండి?” అన్నాడు.

“ప్రభుత్వం,” అన్నారు సుందరరామయ్య గారు గంభీరంగా.

“ఆయ్. బరువెంతుంటారండి?”

సుందరరామయ్య గారు సత్యవేణి వైపు చూశారు. ఆఫీసులో అందరికంటే బరువైన మనిషి డైరెక్టరు గారే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కానీ పై అధికారి బరువును కింది ఉద్యోగి అంచనా వేయడం క్రమశిక్షణకు విరుద్ధం. సత్యవేణి ఆలోచించి, “నిబంధనలకు లోబడి ఉంటారండి,” అంది.

కొట్టాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి జిమ్ముల్లో పెట్టేది. మోటారు పెద్దది, బెల్టు వెడల్పు, ఏనుగెక్కినా నడుస్తుందన్నాడు. దాని ధర వినగానే సుందరరామయ్య గారు దాని మీద వేసిన చెయ్యి తీసేశారు. రెండోది ఇళ్ళల్లోకి. మోటారు చిన్నది, బెల్టు సన్నం, పని కాగానే మడిచి మంచం కిందికి తోసెయ్యొచ్చు. ధర మండలి వారి తాహతులోనే ఉంది.

“క్లాసులెవరు చెప్తారయ్యా?” అని అడిగారు అధ్యక్షులు.

కొట్టాయన మీట నొక్కాడు. తెర మీద చలాకీ అమ్మాయి ప్రత్యక్షమైంది. యంత్రం మీద ఎవరూ లేరు. అయినా ఆ పిల్ల ఎదురుగా నిలబడ్డ సుందరరామయ్య గారి కళ్ళలోకి చూస్తూ, “శభాష్, మీరు చాలా బాగా చేస్తున్నారు,” అంది.

సర్వీసు మొత్తం మీద సుందరరామయ్య గారు ఆ మాట వినడం అదే మొదలు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇదే తీసుకుందామమ్మా,” అన్నారు. అక్కడితో ఎంపిక పూర్తయింది.

యంత్రం వచ్చింది. దాని వెనకాలే చిక్కూ వచ్చింది. పెట్టెలో ఉన్న వారంటీ కార్డు మీద, ఇది ఇంటి వాడకానికి మాత్రమే, ఆఫీసులోనో జిమ్ములోనో పెడితే పూచీ లేదు అని ఉంది. వారంటీ లేని వస్తువు మండలి కొనకూడదు. కొన్న వస్తువు వెనక్కి ఇవ్వకూడదు. ఆఫీసంతా రెండు రోజులు పెట్టె చుట్టూ ప్రదక్షిణం చేసింది. ఉత్తర్వు ప్రకారం జరిగిన వ్యాయామం అంతవరకే.

మూడోనాడు డైరెక్టరు గారు సిబ్బందిని సమావేశపరిచారు.

“యంత్రమును మార్చజాలము,” అన్నారు. ఆయన కాగితం మీద ఎలా రాస్తారో నోటితోనూ అలాగే మాట్లాడతారు. “వారంటీని మార్చజాలము. మనము మార్చగలిగినది ఒక్క కార్యాలయమునే. కావున ఈ కార్యాలయములో ఒక గదిని ఇల్లుగా ప్రకటించుటకు నిర్ణయించడమైనది.”

ఎవరూ నవ్వలేదు. నవ్వితే దాని మీద ఒక సంఘం వేస్తారని అందరికీ తెలుసు.

“ఏ గదండీ?” అన్నారు సుందరరామయ్య గారు.

“ఆడవారు భోజనము చేయు గది.”

సత్యవేణి రాసుకోవడం ఆపేసింది.

ఆ గది సంగతి కాస్త చెప్పాలి. ఆ ఆఫీసులో ఆడవాళ్ళు ముగ్గురే: సత్యవేణి, టైపిస్టు సువార్తమ్మ, ఈమధ్య చేరిన పర్వీన్. అంతకుముందు బీరువాల చాటున నిలబడి తినేవాళ్ళు. ముద్ద నోట్లో పెట్టుకునే వేళకి ఎవరో ఒకరు ఫైలు కోసమని వచ్చి, “ఈవేళ ఏం కూరండీ?” అని గిన్నెలోకి తొంగిచూసేవారు. సత్యవేణి ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి, కాళ్ళరిగేలా తిరిగి, విరిగిన తాటాకు బుట్టల నమూనాలు పారేసే ఒక మూల గదిని సాధించింది. ముగ్గురూ కలిసి బూజు దులిపి కడుక్కున్నారు. దానికొక కిటికీ, ఒక కుళాయి, లోపల్నించి వేసుకునే గడియ ఉన్నాయి. మధ్యాహ్నం ఆ అరగంటా వాళ్ళకి ఆఫీసు లేదు. సువార్తమ్మ నొప్పి మోకాళ్ళు బారచాపుకునేది. పర్వీన్ ఒక్కొక్కప్పుడు చిన్న కునుకు తీసేది. సత్యవేణి ఏమీ చేసేది కాదు. ఇంట్లో అత్తగారు, ఆఫీసులో సూపరింటెండెంటుగారు, మధ్యలో సిటీబస్సు. ఏమీ చెయ్యకుండా ఉండగలిగే చోటు ఆవిడకి ప్రపంచం మొత్తం మీద అదొక్కటే.

“అదే గది ఎందుకండీ సర్?” అంది సత్యవేణి.

డైరెక్టరు గారు ఆవిడ పాత అర్జీనే తీశారు. “‘స్త్రీ ఉద్యోగులు ఇంట్లో తిన్నట్టు నిశ్చింతగా తినుటకు’ అని మీరే వ్రాసియున్నారు. అనగా అది ఇల్లు వంటిదని కార్యాలయము ఎన్నడో అంగీకరించినది. ఇప్పుడు ‘వంటిది’ అను మాటను మాత్రమే తొలగించుచున్నాము.”

“మరి మేం ఎక్కడ తినాలండీ?”

“మెట్ల మీద గాలి బాగుగా వచ్చును కదమ్మా.”

ఇల్లన్నాక గృహప్రవేశం ఉండాలి. మామిడాకులు కట్టారు, గడపకి పసుపు రాశారు. అటెండరు గంగరాజు పాలగిన్నె స్టవ్వు మీద పెట్టాడు. పాలు పొంగబోతుండగా డైరెక్టరు గారికి గోడ మీద అగ్నిమాపక సూచనలు కనిపించాయి. మంట దగ్గర ఏ పదార్థమూ పొంగిపొర్లకూడదని వాటిలో ఉంది. “ఆపుము,” అన్నారు. గంగరాజు గిన్నె దింపేశాడు. పాలు పొంగినట్లుగా భావించడమైనదని సత్యవేణి చేతే రాయించి, అందరి చేతా సంతకాలు పెట్టించారు.

తరవాత యంత్రాన్ని నడిపించబోతే తెర మీద పిల్ల క్లాసు మొదలుపెట్టకుండా, మీ ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరికెవరు ఏమవుతారు అని అడిగింది. అది కుటుంబ ఖాతా. అయిదుగురికే చోటు. కొట్టులో ఈ ప్రశ్న రాలేదు. అక్కడ ఎవరూ కాపురం పెట్టలేదు మరి.

దీని మీద సాయంత్రం దాకా సమావేశం జరిగింది. డైరెక్టరు గారు ఇంటి యజమాని అనడంలో అభిప్రాయభేదం లేదు. సుందరరామయ్య గారిని హోదా ప్రకారం పెద్ద కొడుకుగా ప్రతిపాదించారు. తనకంటే వయసులో చిన్నవాడికి కొడుకుగా ఉండడం పింఛను కాగితాల్లో తేడా తెస్తుందని ఆయన మొరపెట్టుకున్నారు. చివరికి బాబాయి పదవితో సరిపుచ్చారు. అకౌంటెంటు బావమరిది అయ్యాడు. స్టోరుకీపరు మేనల్లుడయ్యాడు.

“ఇక గృహిణి పోస్టు ఖాళీగా ఉన్నది,” అన్నారు డైరెక్టరు గారు. “సత్యవేణిగారికి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించుచున్నాము.”

“అదనంగానా అండీ?” అంది సత్యవేణి. “అయితే మీకూ నాకూ చుట్టరికం ఏంటో ఇప్పుడే రాయించండి సర్. రేపు మా ఆయన అడిగితే చూపించాలి.”

డైరెక్టరు గారు ఎర్రబడ్డారు. నిబంధనల పుస్తకంలో దీనికి తగిన అధ్యాయం లేదు. “చెల్లెలు,” అన్నారు ఆ పుస్తకం మూసేసి. “కార్యాలయ వేళలకు పరిమితమై.”

ఆ రోజు నించి సత్యవేణి పొద్దున్న ఇంట్లో వంట చేసి, ఆఫీసులో ఫైళ్ళు రాసి, నడుమ ఆఫీసులో ఉన్న ఇంట్లో కాఫీలు కాచింది. ఇల్లన్నాక కాఫీ ఉండాలి కదా. యజమానికీ బాబాయికీ బావమరిదికీ ఏ బాధ్యతలు ఉంటాయో ఉత్తర్వులో వివరించలేదు. మగవాళ్ళు అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు.

వ్యాయామం సంగతంటారా? మిగతా సిబ్బంది బయటివాళ్ళు. బయటివాళ్ళు ఎక్కితే అది ఇంటి వాడకం కాదు, వారంటీ పోతుంది. అంచేత ఎవరి నడుముల కోసం యంత్రం కొన్నారో వాళ్ళు దాన్ని ముట్టుకోకూడదని నోటీసు అంటించారు. కుటుంబ సభ్యుల్లో బాబాయి రోజూ వచ్చి తెర ముందు నిలబడి, శభాష్ అనిపించుకుని వెళ్ళేవారు. యజమాని మాత్రం ఒకసారి ఎక్కారు. మోటారు మూలిగింది, బెల్టు కొంచెం కదిలింది, ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది.

“శభాష్,” అంది తెర మీద పిల్ల.

“క్లాసు ముగిసినది,” అని డైరెక్టరు గారు దిగిపోయారు.

దిగి ఊరుకున్నా బాగుండేది. ఆ గదిలో కిటికీ గాలి హాయిగా ఉందని ఆయన కనిపెట్టారు. మర్నాడు పడకకుర్చీ వచ్చింది, ఆ మర్నాడు ఫైళ్ళు వచ్చాయి, వారం తిరక్కుండా వచ్చేపోయేవాళ్ళంతా అక్కడికే రావడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు ముగ్గురూ మెట్ల మీద గిన్నెలు పెట్టుకుని కూర్చునేవారు. డైరెక్టరు గారి కోసం వచ్చే తాటిబెల్లం సంఘాల పెద్దలు వాళ్ళ మజ్జిగపులుసు దాటుకుంటూ పైకెక్కేవారు. ఒకాయన పంచె అంచు పర్వీన్ పెరుగన్నంలో పడింది. ఆ పిల్ల గిన్నె మూత పెట్టేసి, ఇంక తినలేదు. సువార్తమ్మ మోకాలు మడవలేక నిలబడి తింటూ, “మళ్ళీ బీరువాల చాటుకే వెళ్దామాండీ? అక్కడ గోడన్నా ఉంటాది ఆనుకోడానికి,” అంది.

సత్యవేణికి ఒళ్ళు మండింది. ఏళ్ళు పట్టి సంపాదించిన గది. అర్జీ తనదే, చీపురు తనదే, ఆ అర్జీలో మాటతోనే తనని గెంటేశారు. ఆవిడ ఆ పూట గిన్నె కడుక్కుంటూ ఏడ్చింది కూడా. ఏడ్చాక మొహం కడుక్కుని ఆలోచించడం మొదలుపెట్టింది.

ఇంతలో డైరెక్టరు గారికి ముచ్చెమటలు పోసే కబురొచ్చింది. మోటారు కాలిపోయిందని ఆయన అంతకుముందే వారంటీ కింద కంపెనీకి రాసి ఉన్నారు. బాగుచేసే ముందు తమ మనిషి వచ్చి అది నిజంగా ఇల్లో కాదో చూస్తాడని కంపెనీ వారు జవాబిచ్చారు. ఆఫీసని తేలితే మరమ్మతు ఉండదు, పైగా అబద్ధం చెప్పి కొన్నారని ప్రధాన కార్యాలయానికి రాస్తారు.

డైరెక్టరు గారు సత్యవేణిని పిలిచి, మొదటిసారిగా మనిషిలా మాట్లాడారు. “అమ్మా, ఇది ఇల్లులా కనపడాలి. ఎలా కనపడుతుందో నాకు తెలీదు. మా ఇంట్లో కూడా అవన్నీ మా ఆవిడే చూసుకుంటుంది.”

“చూస్తానండి. పూర్తి అధికారాలు ఇచ్చేరని ఒక ముక్క రాసివ్వండి,” అంది సత్యవేణి వినయంగా.

రాసిచ్చారు. కాగితం చేతికి రాగానే ఆవిడ గంగరాజుని పిలిచి ఫైళ్ళన్నీ బయట పెట్టించింది.

“అవి ఎందుకమ్మా?” అన్నారు డైరెక్టరు గారు.

“ఇంట్లో బెల్లం సంఘాల ఫైళ్ళుంటాయాండి ఎక్కడైనా?”

నిజమే. తరవాత పడకకుర్చీ లేచింది.

“అది ఇంటి సామానే కదా?”

“సామాను ఇంటిదేనండి. అందులో పట్టపగలు పడుకున్న మగమనిషిని చూస్తే కంపెనీ ఆయనేమనుకుంటాడండీ? పది దాటేక ఇంటాయన ఇంట్లో ఉన్నాడంటే సస్పెండయ్యేడనుకుంటాడు.”

డైరెక్టరు గారు కుర్చీ వైపు దిగులుగా చూశారు. ఆవిడ మాటలో తర్కదోషం వెదికారు, దొరకలేదు. సస్పెన్షన్ అనే మాట ఆ గోడల మధ్య వినపడ్డమే ఆయనకి నచ్చలేదు. “యజమాని కార్యాలయ వేళలలో ఇంటి యందు ఉండరాదు,” అని తనే రాసి, తనే సంతకం పెట్టారు. బాబాయి, బావమరిది, మేనల్లుడు కూడా ఉద్యోగస్తులే కనుక వాళ్ళకీ అదే వర్తించింది. సుందరరామయ్య గారు మాత్రం తెర ముందు చివరిసారి నిలబడి, శభాష్ విని, కండువా సర్దుకుని వెళ్ళారు.

“మరి ఇంట్లో ఎవరుంటారు?” అన్నారు డైరెక్టరు గారు.

“గృహిణండి. ఇరుగమ్మా పొరుగమ్మా వచ్చి కూచుంటారు. అది మామూలే కదండీ.”

కంపెనీ మనిషి మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చాడు. ఆఫీసు బోర్డు కంటపడకుండా గంగరాజు అతన్ని పెరటి దారిన తీసుకొచ్చాడు. కుర్రాడు గట్టివాడే. చేతిలో సంచీ, మొహంలో అనుమానం. డైరెక్టరు గారు వరండాలో స్తంభం చాటున నిలబడి, లోపలికి వినబడేలా గుటకలు మింగుతున్నారు.

గడపలో చెప్పులు విప్పి లోపలికి చూశాడు కుర్రాడు. చాప మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని అన్నాలు తింటున్నారు. ట్రెడ్‌మిల్‌కి ఒక పక్క పిడికి తడి తువ్వాలు, రెండో పిడికి సువార్తమ్మ శాలువా, మీటల మీద పర్వీన్ గొడుగు వేలాడుతున్నాయి. కిటికీలోంచి ఎండ పడే మేర బెల్టు పొడవునా పాతచీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నాయి. కుర్రాడు వంగి ఒక వడియాన్ని వేలితో తాకి చూశాడు. ఇంకా పచ్చిగానే ఉంది.

“వాటిని కదపకు బాబూ, నిన్ననే పెట్టేను,” అంది సత్యవేణి. “చెయ్యి కడుక్కో. పప్పుచారు ఉంది.”

“వద్దండి, డ్యూటీలో ఉన్నాను,” అంటూనే కూర్చున్నాడు. రెండో ముద్దకి అడిగాడు. “దీని మీద రోజూ ఎవరు నడుస్తారండీ?”

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. స్తంభం చాటున గుటకలు ఆగిపోయాయి.

సత్యవేణి కాస్త సిగ్గుపడి, ఉన్నమాటే చెప్పింది. “ఇంటాయన ఒక్కసారి ఎక్కేసరికే మోటారు కాలింది. మేం కొన్నప్పట్నించి అనుకుంటూనే ఉన్నామయ్యా. ఈ ఆషాఢం వెళ్ళేక, మంచిరోజు చూసి, ముగ్గురం కలిసి మొదలెడదామని.”

కుర్రాడి మొహంలో అనుమానం ఎగిరిపోయింది. చెయ్యి కడుక్కుని, సంచీలోంచి కాగితం తీసి, ‘సాధారణ గృహ వినియోగం’ అని రాశాడు. మోటారు మార్చడానికి ఒప్పుకున్నాడు.

“ఆఫీసుల్లో పెట్టుకుని ఇల్లని చెప్పేవాళ్ళు బోల్డుమందండి,” అన్నాడు చెప్పులు వేసుకుంటూ. “పట్టెయ్యడం ఎంతసేపు? అక్కడైతే ఎవరో ఒకరు నడుస్తూ ఉంటారు.” వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. “వారంటీ అయ్యేదాకా చెప్పకుండా ఎప్పుడన్నా వచ్చి చూస్తామండి. ఇలాగే ఉండనివ్వండి.”

ఇలాగే ఉంచవలెనని ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. వడియాలు ఎండిపోయిన వెంటనే మళ్ళీ పెట్టవలెనని అందులో ప్రత్యేకంగా రాశారు. గృహిణి కాఫీలు కాచే పని కూడా రద్దయింది. యజమాని ఇంట్లో లేనప్పుడు ఎవరికని కాస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం సువార్తమ్మ కాళ్ళు బారచాపుకుంది. పర్వీన్ పెరుగన్నం చివరిదాకా తిని, కొంగు మొహం మీద కప్పుకుని కళ్ళు మూసుకుంది. సత్యవేణి గోడకి ఆనుకుని కూర్చుని, చాన్నాళ్ళ తరవాత ఏమీ చెయ్యకుండా కిటికీలోకి చూస్తోంది.

తలుపు మీద మెల్లగా చప్పుడైంది. ఆవిడ లేచి తీసింది. డైరెక్టరు గారు, చేతిలో కారియరుతో. ఆయన గదిలో పంకా పాడయింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. కంపెనీ మనిషి ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు.

“కాస్సేపు లోపల...” అన్నారు.

“పన్నెండున్నరయిందండి అన్నయ్యగారూ,” అంది సత్యవేణి మెత్తగా. “మీరు ఆఫీసుకి వెళ్ళలేదా?”

ఆయన ఒకసారి గదిలోకి, ఒకసారి తను సంతకం పెట్టిన కాగితం వైపు చూశారు. అది తలుపుకే అంటించి ఉంది. కారియరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

“అవును, ఆలస్యమైంది,” అని నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. “వచ్చేటప్పుడు ఏమన్నా తేవాలామ్మా?”

“కొత్తిమీర కట్ట తెండి,” అంది సత్యవేణి. “లేతది చూసి తియ్యండి.”